మా రోజుల్లో పేజీ ఊరికే తెగేది కాదు

మా రోజుల్లో పేజీ ఎక్కడ ముగియాలో ఒక మనిషి నిర్ణయించేవాడు. పంక్తులు లెక్కపెట్టి, పద్యం ఎక్కడ మొదలై ఎక్కడ పూర్తవుతోందో చూసి, అడుగున ఎంత చోటు మిగిలిందో బేరీజు వేసుకుని, అప్పుడు తెంచేవాడు. ఇప్పుడు పేజీ తనంతట తానే తెగుతోంది. ఒక కంప్యూటర్లో ఒకచోట, ఇంకో కంప్యూటర్లో ఇంకోచోట. వర్డులో ఒకలాగ, పీడీఎఫ్‌లో ఒకలాగ, ఫోన్లో మరోలాగ. ఇదేమిటని అడిగితే "ఫార్మాట్ మారింది కద సారూ, కొంచెం అటూ ఇటూ అయితది" అంటున్నారు. ఆ అటూ ఇటూలోనే పుస్తకం పాడవుతోంది, దస్తావేజు పాడవుతోంది, పరిశోధన చేసే పిల్లల కష్టం మట్టిపాలవుతోంది. నా కోపమంతా దానిమీదే.

మాది ఆలంపూర్. తుంగభద్ర దాటితే కర్నూలు. నిజాం రాజ్యంలో మాది రాయచూరు జిల్లా, 1956లో మహబూబ్‌నగర్ జిల్లా అయింది, 2016లో జోగులాంబ గద్వాల జిల్లా అయింది. ఎన్ని జిల్లాలు మారినా, రాష్ట్రాలే వేరైనా, మా ఊరివాళ్లకు పెళ్లిపత్రిక మొదలు స్థలపురాణం దాకా అచ్చుపని అంటే ఏరు దాటి కర్నూలు పోవడమే. ఆ ఏటి అవతలి ప్రెస్సులోనే నేను కంపోజిటరుగా చేరాను. సీసం అక్షరాలు పోయి కంప్యూటర్లు వచ్చాక ప్రూఫులు దిద్దుతూ ఉండిపోయాను. కాబట్టి రెండు కాలాలూ చూసినవాడిగా మాట్లాడుతున్నాను.

అప్పటి పని ఎలా ఉండేదో ముందు చెప్పాలి. తెలుగు కంపోజింగు అంటే ఒకటి రెండు డబ్బాల అక్షరాలతో తేలేది కాదు. గుణింతాలు, ఒత్తులు, జంటలు కలిపి వందల రకాల దిమ్మలు. కేసులో నుంచి ఒక్కొక్కటీ ఏరి స్టిక్కులో పేర్చి, స్టిక్కు నిండగానే గ్యాలీలోకి దింపేవాళ్లం. గ్యాలీ ప్రూఫు తీసి, దిద్దుబాట్లు అయ్యాక మేకప్పు. పొడుగ్గా సాగిన గ్యాలీని పేజీలుగా కట్టడమే మేకప్పు. పేజీ కట్టి, దారంతో బిగించి, పైన పుస్తకం పేరు, పక్కన అంకె పెడితే అది పేజీ. 16 పేజీలు అయితే ఒక ఫారం. ఫారం అచ్చయ్యాక అక్షరాలు విప్పి మళ్లీ కేసుల్లో పోసేవాళ్లం, ఎందుకంటే తర్వాతి ఫారానికి అవే అక్షరాలు కావాలి. అంటే ఒకసారి తెగిన పేజీకి ఇక తిరుగు లేదు. తెంచే ముందే ఆలోచించాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. పేజీకి 28 పంక్తులు అనుకోండి. 19 పంక్తుల వచనం నడిచి, అక్కడ ఒక సీసపద్యం వచ్చింది. సీసంలో నాలుగు పాదాలు. ఒక్కో పాదం రెండు పంక్తులుగా విరిస్తే 8 పంక్తులు, కింద ఎత్తుగీతి 4 పంక్తులు, మొత్తం 12. మిగిలిన చోటు 9 పంక్తులే. ఏం చేయాలి? అది ఎడమచేతి పేజీ అయితే సీసం 8 పంక్తులూ అడుగున పెట్టి, గీతిని ఎదురుగా ఉన్న కుడి పేజీ నెత్తిన పెట్టవచ్చు. పుస్తకం తెరిచినవాడికి రెండూ ఒక్క చూపులో కనిపిస్తాయి. కుడిచేతి పేజీ అయితే అలా కుదరదు. గీతి కోసం కాగితం తిప్పాల్సి వస్తుంది, చదివేవాడి గొంతులో పద్యం విరుగుతుంది. అప్పుడు పద్యాన్ని మొత్తంగా అవతలి పేజీకి తోసి, ఈ పేజీలో పేరాల మధ్య సీసపు పట్టీలు (లెడ్లు) వేసి వదులు చేసేవాళ్లం. అలా చేసినా మరీ ఖాళీగా కనిపిస్తే, వెనక రెండు పేజీలు విప్పి ఒక్కో పంక్తి ముందుకు జరిపేవాళ్లం. ఒక్క పద్యం విరగకుండా ఉండటానికి మూడు పేజీలు విప్పి కట్టిన రోజులున్నాయి. ఎవరూ విసుక్కోలేదు. పని అంటే అదే అనుకున్నాం.

శీర్షిక పేజీ అడుగున ఒంటరిగా ఉండకూడదు. పేరా ఆఖరి పంక్తి ఒక్కటే తర్వాతి పేజీకి పోకూడదు. పట్టిక తల ఒకచోట, మొండెం ఒకచోట పడకూడదు. అధోజ్ఞాపిక తన గుర్తు ఉన్న పేజీలోనే ఉండాలి. కొత్త ప్రకరణం కొత్త పేజీలో మొదలవాలి. ఇవి మాకు ఎవరూ పుస్తకంలో రాసి ఇవ్వలేదు. ఫోర్‌మన్ పక్కన నిలబడి నేర్చుకున్నవి.

ఇది అచ్చుయంత్రంతో పుట్టిన శ్రద్ధ కూడా కాదు. అంతకుముందు నుంచే మనవాళ్లకు ఉంది. తాళపత్ర గ్రంథం చూడండి. ప్రతి ఆకు అంచున ఆకు సంఖ్య వేసేవారు. తాడు తెగి ఆకులు చెదిరినా మళ్లీ వరుస కట్టవచ్చు. తామ్రశాసనం చూడండి. రాగిరేకులకు చిల్లి పెట్టి, కడియం తొడిగి, దానిమీద రాజముద్ర వేసేవారు. ఒక రేకు తీసేయాలన్నా, దొంగరేకు కలపాలన్నా ముద్ర పగలగొట్టాలి. మొదటి రేకు వెలుపలి ముఖం, చివరి రేకు వెలుపలి ముఖం తరచుగా ఖాళీగా వదిలేవారు, రాపిడికి అక్షరాలు అరిగిపోకుండా. పుట ఎక్కడ మొదలుకావాలి, ఎక్కడ ఖాళీ ఉండాలి, పుటల వరుస ఎలా కాపాడాలి అన్నది వందల ఏళ్ల కిందటే ఆలోచించి స్థిరపరచిన సంగతి.

అంతకంటే పెద్ద తెలివి మన కావ్యాల్లో ఉంది. మన కవులు గ్రంథాన్ని పర్వాలుగా, ఆశ్వాసాలుగా విభజించారు. ఆశ్వాసం పూర్తయిన చోట ఆశ్వాసాంత గద్య పెట్టారు: ఈ గ్రంథం ఇది, రాసినవాడు ఫలానా, ఇది ఇన్నో ఆశ్వాసం అని. ఆ విరుపు ఖాళీ జాగాతో చూపించింది కాదు, మాటల్లో చెప్పింది. అందుకే తాటాకు మీద నుంచి కాగితానికి ఎక్కినా, కాగితం నుంచి అచ్చుకు ఎక్కినా, రాయసగాడు పెద్ద అక్షరాలు రాసినా చిన్నవి రాసినా, ఆకులో ఆరు పంక్తులు పట్టినా పది పట్టినా, ఆశ్వాసం ఎక్కడ ముగిసిందో ఎవరికీ అనుమానం రాలేదు. భారతంలో ఒక పద్యాన్ని పర్వం, ఆశ్వాసం, పద్య సంఖ్య చెప్పి చూపిస్తే దాదాపు ఏ ముద్రణలోనైనా దొరుకుతుంది. ఫార్మాట్ మారడం అంటే ఏమిటో కంప్యూటర్ పుట్టకముందే తెలిసినవాళ్లు చేసిన ఏర్పాటు అది.

దీన్ని బట్టి ఒక్క సంగతి పిల్లలు మనసులో పెట్టుకోవాలి. పుట విరుపులు రెండు రకాలు. ఒకటి రచయిత పెట్టింది: ఇక్కడ ప్రకరణం ముగిసింది, ఇక కొత్త పేజీలో మొదలుపెట్టు అని. రెండోది కాగితం పెట్టింది: చోటు అయిపోయింది కాబట్టి తెగింది, అంతే. మొదటిది రచనలో భాగం. అది ఏ ఫార్మాట్‌లోకి పోయినా వెంట రావాలి. రెండోది ఆ ముద్రణకు చెందింది. ఫార్మాట్ మారినప్పుడు అక్కడ పేజీ తెంచక్కర్లేదు, కానీ ఫలానా ముద్రణలో ఇక్కడ ఫలానా పేజీ మొదలైంది అన్న గుర్తు మిగలాలి. ఈ రెంటినీ వేరుగా చూడటమే మొత్తం విద్య. ఇప్పటివాళ్లు రెంటినీ ఒకే గాటన కట్టి, రెంటినీ పోగొడుతున్నారు.

కంప్యూటర్లు రావడంతోనే ఇదంతా చెడిపోయిందని నేను అనను. పేజ్‌మేకర్ 1985లో పుట్టింది. మా వైపు డీటీపీ సెంటర్లు వెలిశాక పేజ్‌మేకర్, అను ఫాంట్లు కలిసి తెలుగు పుస్తకాన్ని చాలాకాలం మోశాయి. ఆ ఆపరేటర్లలో మంచి పనివాళ్లను చూశాను. టెక్స్ట్ బ్లాకు కింది అంచు పట్టుకుని మౌసుతో ఒక పంక్తి పైకి లాగి, పద్యం విరగకుండా పేజీ కట్టేవారు. సీసం అక్షరాలు పోయినా కన్ను అలాగే ఉంది. పేజ్‌మేకర్‌లో పేరాకు ముందు కొత్త పేజీ మొదలుపెట్టమని చెప్పే ఏర్పాటు ఉంది, తర్వాతి పంక్తులతో కలిపి ఉంచమనే ఏర్పాటు ఉంది, ఒంటరి పంక్తి మిగలకుండా చూడమనే ఏర్పాటు కూడా ఉంది. వాడుకున్నవాళ్లు తక్కువ. కంటికి బాగుంటే చాలని చేత్తో సర్దేసి, పేజీ ఎందుకు అక్కడ తెగిందో ఫైలుకు చెప్పకుండా వదిలేశారు. మనిషి మనసులో ఉన్న కారణం ఫైలులోకి ఎక్కలేదు. అసలు తెగులు అక్కడే మొదలైంది.

పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. దాని తర్వాత కొత్తది రాలేదు. అను ఫాంటులో ఉన్నది యూనికోడ్ కాదు. తెలుగు అక్షరం ముక్కలను ఇంగ్లీషు అక్షరాల గదుల్లో కూర్చోబెట్టిన ఏర్పాటు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. కాబట్టి పాత పుస్తకం మళ్లీ వేయాలంటే యూనికోడ్‌లోకి మార్చక తప్పదు. మారుస్తున్నారు కూడా. మార్చే తీరు చూస్తేనే కడుపు మండుతుంది.

ఈమధ్య మా ప్రాంతపు గుళ్ల చరిత్ర మీద పాత పుస్తకం ఒకటి మళ్లీ వేయాలని కొందరు పూనుకున్నారు. మంచిపని. 2009 అక్టోబరు వరదలో కర్నూలు మునిగింది, మా ఊళ్లోకీ తుంగభద్ర వచ్చింది. ఎన్నో ఇళ్లలో కాగితాలు, పాత కంప్యూటర్లు నీళ్లపాలయ్యాయి. ఈ పుస్తకానికీ అసలు ఫైలు లేదు, పీడీఎఫ్ ఒక్కటే మిగిలింది. ఒక సెంటర్లో కుర్రాడు దాంట్లోంచి అక్షరాలు లాగి, కన్వర్టర్లో వేసి, వర్డులో అతికించి, ప్రింటు తీసి నా చేతిలో పెట్టాడు. చూడగానే గుండె ఝల్లుమంది. పీడీఎఫ్‌కు పేరా అంటే తెలియదు, పుటలో ఏ చుక్క ఎక్కడ పడాలో మాత్రమే తెలుసు. ప్రతి పంక్తీ ఒక పేరాగా వచ్చింది. ప్రతి పేజీ నెత్తిన ఉండే పుస్తకం పేరు, పేజీ అంకె వచ్చి వాక్యం నడుమ కూర్చున్నాయి. "సంగమే" అని ఒక పేజీ ముగిసింది. దాని కింద 47 అని అంకె, పుస్తకం పేరు, ఆ తర్వాత "శ్వరుని ఆలయము" అని తర్వాతి పేజీ. దేవుడి పేరు రెండు ముక్కలై, మధ్యన పేజీ నెంబరు ఇరుక్కుంది. పాత తెలుగు పుస్తకాల్లో మాట పంక్తి చివర విరిగితే చాలాచోట్ల అడ్డగీత కూడా పెట్టేవారు కాదు. కాబట్టి యంత్రానికి అది ఒకే మాట అని తెలియదు. మనిషే చదివి అతకాలి. చదివే ఓపిక ఆ కుర్రాడికి ఎవరూ నేర్పలేదు.

సరే, దిద్దమన్నాను. దిద్దాడు. ఎలా? అంకెలన్నీ తీసిపారేశాడు. అంటే పాత ముద్రణలో 47వ పేజీ ఎక్కడ ముగిసిందన్న ఆనవాలు కూడా పోయింది. పుస్తకం లోపల మాత్రం "పుట 112 చూడుడు" అని రచయిత రాసినవి రాసినట్టే ఉన్నాయి. వెనక పదసూచికలో పాత అంకెలు పాతవే. కొత్త పుస్తకంలో 112వ పేజీలో ఉన్నది వేరే సంగతి. చదివేవాణ్ణి పొమ్మన్న దారిలో ఊరే లేదు.

ఇంకా చూడండి. ప్రకరణం ముగియగానే కొత్త పేజీ కావాలి. దానికి ఎంటర్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. కర్సరు కింది పేజీకి చేరేదాకా కొడుతూ పోయాడు. ఆ యంత్రంలో అందంగానే కనిపించింది. ఫైలును ఇంకోచోట తెరిచారు. అక్కడ ఫాంటు వేరు. తెలుగుకు కింద ఒత్తులు, పైన గుడులు. ఒక్కో ఫాంటులో పంక్తి ఎత్తు ఒక్కోలా ఉంటుంది. గౌతమి ఫాంటులో సరిగ్గా పట్టిన పేజీ ఇంకో ఫాంటులో పేజీంబావు అవుతుంది. ఎంటర్లన్నీ ఎంటర్లుగానే ఉన్నాయి కాబట్టి ప్రకరణం శీర్షిక పేజీ నడుమ వేలాడింది, దాని పైన అరపేజీ ఖాళీ. దాన్ని ఫోన్లో చదివే ఈపబ్‌గా మారిస్తే ఆ ఖాళీ ఎంటర్లు తెరల కొద్దీ తెల్లగా సాగాయి. కంట్రోల్, ఎంటర్ కలిపి ఒక్కసారి నొక్కితే పేజీ విరుపు పడుతుంది. అంతకంటే మంచిది, శీర్షికకు హెడింగ్ స్టయిలు ఇచ్చి, దాని ముందు కొత్త పేజీ అని ఒక్కసారి చెబితే పుస్తకమంతటికీ వర్తిస్తుంది. ఆశ్వాసాంత గద్య చేసిన పని అదే చేస్తుంది: ప్రకరణం ముగిసిందని ఫైలుకు తెలిసేలా చెబుతుంది. ఎంటర్ కొట్టడం చెప్పడం కాదు.

యంత్రాలకు చేతకాదని ఎవరూ అనొద్దు. కొత్త పేజీకి పొమ్మని ప్రింటరుకు చెప్పడానికి ఫారమ్ ఫీడ్ అనే గుర్తు 1960ల నాటి కంప్యూటరు అక్షరాల పట్టిక ఆస్కీలోనే ఉంది, 12వ నెంబరు గుర్తు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లలో చిల్లుల కాగితం ఒక్కసారిగా పైకి దూకేది దాంతోనే. పీడీఎఫ్ నుంచి అక్షరాలు లాగే పరికరాల్లో కొన్ని ప్రతి పేజీ చివరా ఇప్పటికీ ఆ గుర్తే పెడతాయి. వర్డు తన డాక్‌ఎక్స్ ఫైలు లోపల, కిందటిసారి పేజీ ఎక్కడ తెగిందో కూడా రాసిపెట్టుకుంటుంది. యంత్రం గుర్తు పెడుతోంది. మనిషి చెత్త అనుకుని చెరిపేస్తున్నాడు.

"ఫోన్లో పేజీలే ఉండవు కద సారూ, ఈ గొడవంతా ఎందుకు?" అని ఆ కుర్రాడే అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. జవాబు గట్టిగా చెప్పాలి.

పేజీ అంకె అంటే ఒక మాటకు చిరునామా. మా ఊళ్లో ఉండి శాసనాలు చదివిన గడియారం రామకృష్ణశర్మ గారి ఆత్మకథ 'శతపత్రము'కు 2007లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ పుస్తకంలో ఫలానా మాట అన్నారని ఒక విద్యార్థి తన సిద్ధాంతవ్యాసంలో రాస్తే, ఏ పుటలో అని పరీక్షకుడు అడుగుతాడు. అడగాలి కూడా. ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు 1953లో మా ఆలంపూర్‌లో జరిగాయి. కాళోజీ 'నా గొడవ'ను శ్రీశ్రీ ఆవిష్కరించింది ఆ సభల్లోనే. అంత పెద్ద సాహిత్య సభ నడిచిన ఊరు మాది. మొదటి ముద్రణలో ఒక గేయం ఏ పుటలో ఉంది, తర్వాతి ముద్రణలో ఎక్కడికి మారింది అని రేపు ఒక పిల్ల పరిశోధన చేస్తే, గుర్తులు చెరిపేసిన ఫైలు ఆ పిల్లకు ఏం జవాబిస్తుంది?

శర్మగారు చేసిన శాసన పరిష్కరణ పద్ధతి చూడండి. రాతి మీద ఒకటో పంక్తి ఎక్కడ ముగిసిందో, రెండోది ఎక్కడ మొదలైందో, మాట నడుమ విరిగినా సరే, పాఠంలో పంక్తి సంఖ్య వేసి చూపిస్తారు. రాయికి ఎన్ని ముఖాలుంటే ఏ ముఖం మీద ఏది ఉందో చెబుతారు. రాయి మీద పాఠాన్ని కాగితం మీదికి తేవడం కూడా ఫార్మాట్ మార్చడమే. వాళ్లు కాగితానికి తగ్గట్టు అచ్చువేశారు, రాయి ఆనవాళ్లు మాత్రం ఒక్కటీ వదల్లేదు. అనుమానం వచ్చినవాడు రాయి దగ్గరికి పోయి వేలు పెట్టి చూసుకోవచ్చు.

దస్తావేజుల సంగతి ఇంకా బరువైనది. రిజిస్ట్రేషన్ కాగితం వెనక సబ్‌రిజిస్ట్రారు ముద్రలో మొత్తం కాగితాల సంఖ్య, ఈ కాగితపు వరుస సంఖ్య అని ఉంటుంది. ఊరికే వేయలేదు అది. నడుమ కాగితం మారిస్తే పట్టుబడాలని వేసింది. మా కాలపు దస్తావేజు లేఖరులకు ఒక కట్టుబాటు ఉండేది. సంతకాలు ఒంటరిగా ఆఖరి కాగితం మీద పడనిచ్చేవారు కాదు. విషయంలో కనీసం నాలుగు పంక్తులు అదే కాగితం మీదికి లాగి, దాని కిందే సంతకం పెట్టించేవారు. సంతకాలు మాత్రమే ఉన్న కాగితాన్ని ఏ దస్తావేజుకైనా తగిలించవచ్చు కదా. షెడ్యూలులో సర్వే నెంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు ఒకే కాగితం మీద ఉండేలా చూసేవారు. ఇప్పుడో? ఒక సెంటర్లో టైపు చేసిన ఫైలును వాట్సాప్‌లో పంపి ఇంకో సెంటర్లో తెరుస్తారు. అక్కడ ఆ ఫాంటు ఉండదు. తూర్పు, పడమర హద్దులు ఒక కాగితం మీద, ఉత్తరం, దక్షిణం ఇంకో కాగితం మీద. ఆఖరి కాగితం మీద రెండు సాక్షి సంతకాల చోటు తప్ప ఇంకేమీ ఉండదు. ఎవరూ తిప్పి చూడరు. భూమి కోసం తరతరాలు కోర్టుల చుట్టూ తిరిగే నేల మనది. పేజీ విరుపు మీద ఇంత నిర్లక్ష్యం ఇక్కడ తగదు.

మా కళ్లముందు జరిగిన ఒక పెద్దపని చెప్పి అసలు మాటకు వస్తాను. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో కూడవెల్లి సంగమం మునిగిపోతుందని తేలినప్పుడు, అక్కడి సంగమేశ్వరాలయాన్ని విప్పి, రాళ్లు ఆలంపూర్ చేర్చి, మళ్లీ గుడి కట్టారు. విప్పేటప్పుడు రాళ్లకు అంకెలు వేశారు. ఏ వరసలో, ఏ రాయి పక్కన, ఏ రాయి మీద అన్న లెక్క ఉంది కాబట్టే అది మళ్లీ గుడిగా నిలబడింది. లెక్క లేకుండా లారీల్లో పోసి ఉంటే ఈరోజు మా ఊరి పక్కన ఒక రాళ్లగుట్ట ఉండేది. పుస్తకాన్ని ఒక ఫార్మాట్ నుంచి ఇంకో ఫార్మాట్‌కు తేవడమూ తరలింపే. నేల మారినా పరవాలేదు. అంకె వేయకుండా విప్పడమే తప్పు.

బాగా చేస్తున్నవాళ్లు లేకపోలేదు, వాళ్లను మెచ్చుకోకపోతే నాది ఉత్త నసుగుడు అవుతుంది. తెలుగు వికీసోర్స్ చూడండి. అక్కడ జీతం లేకుండా పనిచేసే పిల్లలు, పెద్దలు పాత పుస్తకం స్కాను బొమ్మ ఒకవైపు, టైపు చేసిన పాఠం ఇంకోవైపు పెట్టుకుని పుట వారీగా దిద్దుతారు. ఏ పుట ఎంతవరకు దిద్దారో రంగులతో తెలుస్తుంది. అన్నీ కలిపి ప్రకరణంగా చదివేటప్పుడు పాఠం ఏకధారగా సాగుతుంది, అంచున మాత్రం పాత పుట అంకె కనిపిస్తుంది. దాన్ని నొక్కితే ఆ పుట బొమ్మ దగ్గరికి పోవచ్చు. పుట చివర విరిగిన మాటను అతికే ఏర్పాటు ఉంది, తర్వాతి పుటకు సాగిన అధోజ్ఞాపికను కలిపే ఏర్పాటు ఉంది. నేను చెప్పిన రెండు రకాల విరుపులకూ అక్కడ న్యాయం జరుగుతోంది.

అంతకుముందు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాను చేయించిన తెలుగు పుస్తకాల్లో ఒక్కో పుట ఒక్కో బొమ్మ ఫైలు. ఎన్ని లోపాలున్నా పుట పుటగానే మిగిలింది. చిక్కల్లా ఫైలు వరుస సంఖ్య వేరు, పుస్తకంలో అచ్చయిన అంకె వేరు. ముఖపత్రం, పీఠిక, విషయసూచిక దాటేసరికి ఏ 15వ బొమ్మ దగ్గరో 1వ పుట మొదలవుతుంది. మనవాళ్లు బొమ్మ సంఖ్యనే పుట సంఖ్యగా రాసేస్తున్నారు. పీడీఎఫ్‌లో పేజీకి అసలు అంకెను పేరుగా ఇచ్చే వీలుంది. పీఠికకు ఒక వరస, గ్రంథానికి ఒక వరస కూడా పెట్టవచ్చు. ఎంతమంది పెడుతున్నారు?

ఈపబ్‌లోనూ అచ్చుపుస్తకం పేజీల జాబితా పెట్టే వీలుంది. ఏ పేరా నడుమ ఏ పేజీ మొదలైందో కంటికి కనిపించకుండా గుర్తు పెట్టవచ్చు. అది ఎవరికి కావాలంటారా? తరగతిలో అయ్యవారు "46వ పేజీ తీయండి" అంటే అందరూ తీస్తారు. చూపులేని పిల్లవాడు చదివి వినిపించే ఫోన్లో వింటున్నాడు. ఆ గుర్తు ఉంటే వాడూ అందరితోపాటే 46వ పేజీకి చేరతాడు. లేకపోతే మిగతావాళ్లు పాఠం సగం చదివేదాకా వెతుక్కుంటూ కూర్చుంటాడు. ఇది తెలిశాకైనా ఫోన్లో పేజీలెందుకన్న మాట మానాలి.

మా రోజులు తిరిగి రావాలని నేను కోరడం లేదు. సీసం పొగ పీల్చిన ఊపిరితిత్తులకు ఆ రోజుల ఖరీదు తెలుసు. కోరేదల్లా పని తెలిసి చేయమని. ప్రకరణం మొదలైన చోట స్టయిలుతో చెప్పండి, ఎంటర్లతో నెట్టకండి. పద్యాన్ని, పట్టికను, హద్దుల షెడ్యూలును కలిపి ఉంచే ఏర్పాటు వర్డులోనే ఉంది, వాడండి. పాత పుస్తకం మారుస్తున్నప్పుడు పుట అంకెను చెరపకండి; పాఠంలో అడ్డం రాకుండా అంచుకో, గుర్తుగానో జరపండి. పుట చివర విరిగిన ప్రతి మాటనూ కంటితో చూసి అతకండి. "పుట చూడుడు" అన్న ప్రతిచోటా కొత్త అంకె వేసి, పక్కన పాతదీ ఉంచండి. సంతకాలు పెట్టే కాగితమైతే పీడీఎఫ్ చేసి, ప్రతి పుటా తెరిచి చూశాకే ఇంకొకరికి పంపండి. ఫైలు ఇచ్చేటప్పుడు ఫాంటు పేరు, కాగితం కొలత, ఏ ముద్రణ నుంచి తీశారో మొదటి పుటలో రాయండి.

ఇందులో ఖర్చుతో కూడిన పని ఒక్కటీ లేదు. పేజీకి నాలుగు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. కంపోజిటరు మూడు పేజీలు విప్పి ఒక పద్యాన్ని కాపాడిన చోట, నాలుగు నిమిషాలు కూర్చోలేనివాడు తెలుగు పుస్తకానికి చెయ్యి పెట్టకూడదు. కూర్చోగలిగినవాడు మా దగ్గరికి రావాలి. ఇంకా కొందరం బతికే ఉన్నాం, పుట ఎక్కడ తెంచాలో పక్కన నిలబడి నేర్పుతాం.